‘ఉప్మా తిని’ అని రాసే ముందు

మీ ప్రశ్న మొత్తం చదివాను. ఆరు నెలల కిందట మీ పత్రికలో మీకు హెల్త్ బీట్, అంటే ఆరోగ్య వార్తలు రాసే పని, ఇచ్చారు, మీరు సైన్స్ చదవలేదు. మొన్న మీరిచ్చిన హాస్టల్ వార్త “ఉప్మా తిని 38 మంది బాలికలకు అస్వస్థత” అన్న హెడ్డింగ్‌తో వెళ్లింది. మర్నాడు జిల్లా వైద్యాధికారి కారణం ఉప్మా కాకపోవచ్చన్నారు, ఆఫీసులో మీకు అక్షింతలు పడ్డాయి. డాక్టర్ చెప్పింది చెప్పినట్టు రాస్తే సరిపోదా, కడుపు జబ్బుల వార్తల్లో తప్పులు రాకుండా ఇంకేం చూసుకోవాలి అని అడుగుతున్నారు. రేపు ఫాలోఅప్ కోసం మళ్లీ ఆ హాస్టల్‌కే వెళ్లాలని కూడా రాశారు.

నేను చదివింది బీకాం. ఒక దినపత్రికలో ఇరవై రెండేళ్లు పనిచేశాను, అందులో సగానికి పైగా ఆరోగ్యం పేజీలోనే గడిచింది. కాబట్టి సైన్స్ చదవలేదన్న బెంగ వదిలేయండి. ఈ బీట్‌లో నేను చేసిన తప్పులు, నా చేతుల మీదుగా పేజీలోకి వెళ్లిపోయిన తప్పులు చాలావరకు తెలుగు మాట తూకం చూసుకోక జరిగినవే.

నా మొదటి పెద్ద తప్పు మీదానికి కవల. ఒక వసతిగృహం, రాత్రి సాంబారన్నం, తెల్లారేసరికి పిల్లలకు వాంతులు. “సాంబారు తిని” అని రాసేశాను. పేపరు వచ్చిన రోజు సాయంత్రానికల్లా వంటావిడను పనిలోంచి తీసేశారు. పది రోజులకు నీళ్ల రిపోర్టు వచ్చింది. బోరు పక్కన డ్రైనేజీ పైపు పగిలి ఉందట. లోపలి పేజీలో సింగిల్ కాలమ్‌లో సవరణ వేశాం. ఆవిడకు చదవడం రాదు.

మీ హెడ్డింగ్‌లోకి వద్దాం. అందులో “అస్వస్థత” బంగారంలాంటి మాట. మన పత్రికల మాటల్లో అంత నిజాయితీ ఉన్నది ఇంకోటి లేదేమో, ఎందుకంటే అది బాగాలేదని తప్ప ఇంకేమీ చెప్పదు. అసలు చిక్కు “తిని”తో. వ్యాకరణం ప్రకారం అది జరిగిన వరసే చెబుతుంది, ముందు తిన్నారు, తర్వాత జబ్బు పడ్డారు అని. కానీ “జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాడు” అంటే పడటం వల్లే విరిగిందని ఎవరైనా అనుకుంటారు కదా. అలాగే “ఉప్మా తిని” అనగానే ఉప్మా ముద్దాయి అయిపోతుంది, వండిన మనిషి రెండో ముద్దాయి. “కలుషిత ఆహారం తిని” అంటే ఇక తీర్పే ఇచ్చేసినట్టు. “ఫుడ్ పాయిజన్” కూడా అంతే. ల్యాబ్ రిపోర్టు రాకముందు ఈ మూడు మాటలూ మీ కాపీలో ఉండకూడదు. “హాస్టల్‌లో 38 మందికి వాంతులు, విరేచనాలు” అని రాస్తే హెడ్డింగ్ ఏమీ తగ్గదు. ఎవరు దేన్ని అనుమానిస్తున్నారో వాళ్ల పేరుతోనే కింద రాయండి.

మన అనుమానం ఎప్పుడూ చివర తిన్నదాని మీదికే పోతుంది. పిల్లలూ అదే చెబుతారు, వార్డెనూ అదే చెబుతుంది. కానీ క్రిములకు వాటి టైమ్ వాటికుంది. స్టెఫైలోకాకస్ అనే బ్యాక్టీరియా వదిలే విషం, చల్లారిన అన్నంలో పెరిగే బాసిల్లస్ సెరియస్ అనే బ్యాక్టీరియా విషం అయితే అరగంట నుంచి ఆరేడు గంటల్లోపే వాంతులు మొదలవుతాయి. పొద్దున్న ఎనిమిదింటికి తిని తొమ్మిదిన్నరకు వాంతులైతే వీటిని అనుమానించొచ్చు. నోరో వైరస్‌కు పన్నెండు గంటల నుంచి రెండు రోజులు. సాల్మొనెల్లాకు ఆరు గంటల నుంచి కొన్ని రోజులు పడుతుంది. అంటే సోమవారం పొద్దున్న వాంతులకు శనివారం రాత్రి కూరో, ఆదివారం బయటినుంచి తెచ్చుకున్న చిరుతిండో కారణం కావచ్చు. ఇంకో మాట, స్టెఫైలోకాకస్ విషం, అన్నంలో పుట్టే ఆ వాంతుల విషం వేడికి పోవు. “మళ్లీ వేడి చేసే పెట్టాం” అని వంటగదిలో వాళ్లు చెప్పేది నిజమే అయినా దాంతో ఏమీ తేలదు.

మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న “ఏం తిన్నారు” అని కాదు, “ఎవరెవరికి ఎన్ని గంటలకు మొదలైంది” అని. అందరికీ రెండు గంటల వ్యవధిలో మొదలైతే ఒక భోజనం మీద అనుమానం బలపడుతుంది. మూడు రోజులుగా రోజుకు పదిమంది చొప్పున పడుతుంటే నీళ్ల వైపు, లేదా ఒకరి నుంచి ఒకరికి అంటుకునే వైరస్ వైపు చూడాలి.

రెండో ప్రశ్నను నేను చాలా ఆలస్యంగా నేర్చుకున్నాను. ఉప్మా తిననివాళ్ల సంగతేంటి? రిపోర్టర్లం మనం ఆసుపత్రి మంచాల మీద ఉన్నవాళ్లనే అడుగుతాం. వాళ్లందరూ ఉప్మా తిన్నామనే చెబుతారు, ఆ పొద్దున్న హాస్టల్లో ఉన్నది ఉప్మాయే కాబట్టి. హాస్టల్లో 120 మంది ఉన్నారనుకుందాం. నోట్‌బుక్‌లో నాలుగు గడులు గీయండి. తిన్నవాళ్లు 100 మంది, అందులో జబ్బుపడ్డవాళ్లు 32. తిననివాళ్లు 20 మంది, అందులో జబ్బుపడ్డవాళ్లు 6. తిన్నవాళ్లలో నూటికి 32, తిననివాళ్లలో నూటికి 30. ఇంకేముంది, ఉప్మా నిర్దోషిగా బయటపడ్డట్టే. అలా కాక తిననివాళ్లలో ఒక్కరికీ ఏమీ కాకపోతే అనుమానం గట్టిదే. జబ్బుల వ్యాప్తి మీద నిఘా పెట్టే జిల్లా సర్వైలెన్స్ అధికారి చేసే పనీ ఇదే, కాకపోతే ఆయన టేబుల్ పెద్దది. మీరు ఈ లెక్క అడిగారంటే చాలు, ఆయన మీతో మాట్లాడే తీరు మారిపోతుంది.

కామెర్ల వార్తలైతే కాలం ఇంకా వెనక్కి జరుగుతుంది. కలుషిత నీళ్లతో వచ్చే కాలేయ వైరస్ జబ్బులు హెపటైటిస్ ఏ, హెపటైటిస్ ఈ బయటపడటానికి వారాలు పడుతుంది. 1955 చివర్లో ఢిల్లీలో యమునా నీళ్లు తీసుకునే చోట మురుగు కలిసింది. ఆ డిసెంబరు, జనవరి నెలల్లో సుమారు 29 వేల మందికి కామెర్లు వచ్చాయి. అది హెపటైటిస్ ఈ అని దాచిన నమూనాలను పరీక్షించి చాలా ఏళ్ల తర్వాత గానీ తేల్చలేకపోయారు. జనం ఆసుపత్రికి వచ్చేనాటికి ఆ నీళ్లు ఎప్పుడో ప్రవహించి పోయాయి. అందుకని ఒక వీధిలో పదిమందికి కళ్లు పచ్చబడితే “ఇప్పుడు నీళ్లు బాగానే ఉన్నాయి” అని అధికారి చూపించే రిపోర్టు దగ్గరే ఆగిపోకండి. నెలా రెండు నెలల కింద పైపులు ఎక్కడైనా తవ్వారా అని ఆ వీధిలోనే అడగండి. ఇలాంటి వార్తలో గర్భిణుల గురించి ఒక వాక్యం తప్పకుండా ఉండాలి. చివరి మూడు నెలల్లో హెపటైటిస్ ఈ వస్తే వాళ్లలో నూటికి 20 నుంచి 25 మంది దాకా చనిపోయే ప్రమాదం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

ఇంతకీ కామెర్లు ఒక జబ్బు పేరు కాదు. రక్తంలో బిలిరుబిన్ అనే పసుపు పదార్థం పెరిగితే కనిపించే లక్షణం. వైరస్ వల్ల రావచ్చు, మద్యం వల్ల, పిత్తనాళంలో రాయి అడ్డుపడటం వల్ల, క్లోమంలో క్యాన్సర్ గడ్డ వల్ల కూడా రావచ్చు. ఈ తేడా తెలియకపోవడం వల్లే పసరు మందు ఇప్పటికీ బతుకుతోంది. హెపటైటిస్ ఏ చాలామందిలో కొన్ని వారాల్లో దానంతట అదే తగ్గుతుంది. మధ్యలో పసరు తాగితే పేరు పసరుకు వస్తుంది, వాత పెడితే వాతకు వస్తుంది. రాయి అడ్డుపడ్డ మనిషీ అదే పసరు తాగి నెల పోగొట్టుకుంటాడు. “ఫలానా ఊళ్లో కామెర్లకు దివ్యౌషధం” అంటూ ఆదివారం ఫీచర్ రాయమని మిమ్మల్నీ ఎవరో ఒకరు అడుగుతారు. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ఒకటుందని, అపెండిసైటిస్, పిత్తాశయ రాళ్లు, జీర్ణకోశ పుండ్లు నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వడాన్ని అది నిషేధించిందని డెస్క్‌కు, అంటే కాపీలు దిద్దేవాళ్లకు, గుర్తుచేయండి. ఆ జాబితాలో కామెర్ల పేరు లేకపోయినా, ప్రకటనల్లోనే చట్టం ఒప్పుకోని రకం హామీని మనం ఫీచర్‌గా ఊరికే వేసి పెట్టడం ఏమిటని నా గొడవ.

మన దగ్గర కడుపుకు సంబంధించిన పేర్లలో చాలావాటికి ఇదే సమస్య. జబ్బు పేర్లలా వినిపిస్తాయి, లోపల ఏమీ ఉండదు. వాటిలో పెద్దది “గ్యాస్”.

ఒకసారి ఒక ప్రభుత్వ ఆసుపత్రి ఓపీలో డాక్టరు పక్కన కుర్చీ వేసుకుని ఒక పూటంతా కూర్చున్నాను. వచ్చినవాళ్లలో సగం మంది మొదటి మాట “గ్యాస్ సార్”. ఆయన ఎవరికీ వెంటనే మందు రాయలేదు. “గ్యాస్ అంటే ఏమవుతుంది?” అని అడిగేవాడు. ఒకావిడ గొంతు దాకా చెయ్యి తెచ్చి పుల్లటి తేన్పులంది. ఒక కుర్రాడు బొడ్డు చుట్టూ చెయ్యి తిప్పి, పరీక్షలప్పుడు ఉబ్బరమన్నాడు. ఒక పెద్దాయన అరచెయ్యి ఛాతీ మధ్యలో పెట్టాడు. ఎప్పుడొస్తుందని అడిగితే “మెట్లెక్కుతుంటే. ఆగితే తగ్గుతుంది” అన్నాడు. డాక్టరు పెన్ను పక్కనపెట్టి ముందు ఈసీజీ తీయించుకు రమ్మన్నాడు. ముగ్గురూ అన్నది ఒకే మాట.

అందుకే “గ్యాస్ సమస్యకు పది చిట్కాలు” లాంటి ఐటమ్ నేను మా పేజీలో ఆపేయించాను. ఛాతీ బరువు, చెమటలు, ఎడమ చెయ్యికో దవడకో పాకే నొప్పి, ఆయాసం ఉంటే గ్యాస్ మాత్ర వేసుకుని పడుకోవద్దు, ముందు గుండె సంగతి చూపించుకోవాలి అన్న వాక్యం లేకుండా గ్యాస్ మీద ఏదీ వెళ్లకూడదని పట్టుబట్టాను. డెస్క్‌లో నన్ను “ఈసీజీ” అని పిలిచేవాళ్లు. పిలవనీ.

“విరేచనం” ఇంకో తమాషా. మన భాషలో అది ఏకవచనంలో ఉంటే ఆరోగ్యం, బహువచనంలోకి వెళ్తే జబ్బు. “విరేచనం కావడం లేదు”కూ “విరేచనాలు ఆగడం లేదు”కూ మధ్య మాట అటూ ఇటూ అయితే మందే మారిపోతుంది. రక్తం సంగతి వస్తే ఇంకా జాగ్రత్త. మలం పైన చుక్కలుగా పడ్డ ఎర్ర రక్తం, జిగటతో కలిసిన రక్త విరేచనాలు, తారులాంటి నల్లటి మలం, మూడూ వేర్వేరు కథలు. నల్లటిది సాధారణంగా పైన జీర్ణాశయం దగ్గర రక్తం కారుతోందనడానికి గుర్తు, ఐరన్ మాత్రలు వేసుకున్నా మలం నల్లబడుతుంది. వీటన్నిటినీ “మలంలో రక్తం” అని ఒకే గంపలో వేస్తే చదివినవాడు “మొలలే కదా” అనుకుని ఊరుకుంటాడు. పెద్దపేగు క్యాన్సర్ ఆలస్యంగా బయటపడటానికి ఈ ‘మొలలే కదా’ ఒక పెద్ద కారణం. సిగ్గు ఇంకోటి. ఇలాంటి వార్తలో ముసుగు మాటలు వద్దు. మలం, మలద్వారం అని అచ్చులో వేస్తే పేజీ మైలపడదు. ఒక పాఠకుడు అభ్యంతరం చెబుతూ ఉత్తరం రాశాడు, మరుసటి వారం అదే చేతిరాతతో తన మొలల గురించి సందేహం అడుగుతూ ఇంకోటి వచ్చింది.

అపెండిసైటిస్‌కు ఊళ్లలో ఇరవై నాలుగు గంటల నొప్పి అని పేరుంది. గడియారం చూసుకుని పగిలే జబ్బు కాదది. కొందరికి ముందే పగలొచ్చు, కొందరికి ఆలస్యం కావచ్చు. ఆ పేరు రాస్తే పక్కనే ఈ మాట కూడా రాయండి, లేకపోతే చదివినవాళ్లు గంటలు లెక్కపెట్టుకుంటూ ఇంట్లోనే కూర్చుంటారు.

అల్సర్‌కు వస్తే “టెన్షన్ వల్ల, కారం వల్ల అల్సర్లు” అని ఇప్పటికీ రాస్తున్నారు. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో రాబిన్ వారెన్, బారీ మార్షల్ కలిసి హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా సంగతి బయటపెట్టి నలభై ఏళ్లు దాటింది. 2005లో నోబెల్ కూడా వచ్చింది. 1984లో మార్షల్ ఆ బ్యాక్టీరియా కలిపిన ద్రవాన్ని తానే తాగిన కథ మీరు వినే ఉంటారు. అందులోనూ మనవాళ్లు తప్పు రాస్తుంటారు, తాగగానే ఆయనకు అల్సర్ వచ్చిందని. వచ్చింది అల్సర్ కాదు, జీర్ణాశయం లోపలి పొరలో వాపు. అల్సర్ దాకా వెళ్లలేదు. అలాగని అల్సర్లన్నీ బ్యాక్టీరియా వల్లే అని రాసినా తప్పే. కీళ్లనొప్పులకు, ఒళ్లునొప్పులకు షాపులో అడిగి తెచ్చుకుని మింగే నొప్పి మాత్రలది రెండో పెద్ద వాటా. ఇక మన దగ్గర ఆ బ్యాక్టీరియా కడుపులో ఉన్నవాళ్లు కోకొల్లలు, వాళ్లలో ఎక్కువమందికి అల్సర్ రాదు. “ప్రతి ఒక్కరూ పరీక్ష చేయించుకోవాలి” అని ఒక ల్యాబ్ ప్రెస్‌మీట్ పెడితే ఈ సంగతి గుర్తుంచుకుని ప్రశ్న అడగండి.

ఇప్పుడు నన్ను ఇప్పటికీ తినేస్తున్న తప్పు చెబుతాను. ఐబీఎస్, ఐబీడీ. ఒక్క అక్షరం తేడా. ఐబీఎస్ అంటే పేగు చూడటానికి మామూలుగానే ఉంటుంది, దాని పనితీరులోనే తేడా ఉంటుంది. కడుపునొప్పి, దాంతోపాటు విరేచనం తీరు మారడం, నెలల తరబడి ఇబ్బంది. మనిషిని సతాయిస్తుంది గానీ పేగును కొరికేయదు. ఐబీడీ అంటే పేగులో నిజంగా వాపు, పుండ్లు. అల్సరేటివ్ కొలైటిస్, క్రోన్స్ అందులోవి. రక్తం పోతుంది, బరువు తగ్గుతారు, మందులు ఏళ్ల తరబడి వాడాలి, కొందరికి ఆపరేషన్ దాకా వెళ్తుంది. ఒక వారం మా పేజీలో ఐబీఎస్ మీద వ్యాసం వచ్చింది. ఒత్తిడి తగ్గించుకోవడం, నిద్ర, యోగా, అన్నీ సరైన మాటలే. హెడ్డింగ్ పెట్టినతను మాత్రం “ఐబీడీకి టెన్షనే కారణం” అని పెట్టాడు. పేజీ చూసి వదిలింది నేను. నాలుగు నెలల తర్వాత ఒక తండ్రి ఫోన్ చేశాడు. అమ్మాయికి కొలైటిస్. ఆ పేజీ కత్తిరించి ఆమె మంచం పక్కన గోడకు అంటించుకుందట, టెన్షన్ తగ్గించుకుంటే చాలని మందులు ఆపేసిందట. ఆసుపత్రి నుంచే మాట్లాడుతున్నాడు. తిట్టలేదు. “మళ్లీ సరిగ్గా రాయండి సార్, అది కూడా అంటిస్తాను” అన్నాడు.

ఆ రోజు నుంచి ఈ రెండూ మా పేజీలో పొట్టి పేర్లతో వెళ్లలేదు. ‘పేగు పనితీరు సమస్య’, ‘పేగు వాపు జబ్బు’ అని తెలుగులో రాసి, పొట్టి పేరు ఒక్కసారి మాత్రం ఇచ్చేవాళ్లం. మీరూ అలాగే చేయండి. రెండింటికీ తేడా చెప్పే గుర్తులు కూడా రాయండి. మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, నిద్రలోంచి లేపే విరేచనాలు, యాభై దాటాక కొత్తగా మొదలైన మార్పు. ఇవి ఉంటే టెన్షన్ అనుకుని కూర్చోకూడదు.

డాక్టర్ చెప్పింది చెప్పినట్టు రాస్తే సరిపోదా అన్నారు. ఎవరా డాక్టరు, ఏ రోగిని దృష్టిలో పెట్టుకుని చెప్పాడు అన్నది ముందు తేల్చుకోవాలి. చివరలో మన తెలుగు వాక్యం ఆయనకు చదివి వినిపించాలి. ఆఖరిది ఎవరూ చేయరు. “మొత్తం కాపీ చూపించం, మీ మాటలు మాత్రం చదువుతాను, సైన్స్ తప్పు ఉంటే చెప్పండి” అంటే ఏ డాక్టరూ కాదనడు. రెండు నిమిషాల పని. కొత్త యంత్రం కొన్న ఆసుపత్రి ప్రెస్‌మీట్‌కు వెళ్తే, ఆ యంత్రం లేని చోట పనిచేసే ఇంకో నిపుణుడికి బయటికొచ్చి ఫోన్ చేయండి. తిండి సంగతికైతే హైదరాబాద్ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది, మనకు దగ్గర్లో ఉన్న పెద్ద దిక్కు.

ఇక విదేశీ అధ్యయనాలు. వార్తా ఏజెన్సీ నుంచి ఇంగ్లిష్ కాపీ వస్తుంది, డెస్క్‌లో గంటలో తెలుగు అయిపోతుంది. 2016లో జర్మనీ బీమా రికార్డుల నుంచి ఒక అధ్యయనం వచ్చింది, పాంటోప్రజోల్ లాంటి యాసిడ్ తగ్గించే మాత్రలు వాడిన వృద్ధుల్లో మతిమరుపు జబ్బు 44 శాతం ఎక్కువగా కనిపించిందని. మనవాళ్లు “గ్యాస్ మాత్రలతో మతిమరుపు” అని పెట్టారు. పరగడుపున ఆ మాత్ర వేసుకునేవాళ్లు లేని ఇల్లు మన దగ్గర అరుదు, కాబట్టి గగ్గోలే. కానీ అది రికార్డులు చూసి చెప్పిన మాట. ఆ మాత్రలు వాడేవాళ్లు మామూలుగానే జబ్బులు ఎక్కువ ఉన్నవాళ్లు కావచ్చు. 2019లో ఇంకోటి వచ్చింది. 17,598 మంది గుండె, రక్తనాళాల జబ్బు ఉన్నవాళ్లను లాటరీ వేసినట్టు రెండుగా విడగొట్టి, సగం మందికి పాంటోప్రజోల్, సగం మందికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి మూడేళ్లు చూశారు. మతిమరుపులో తేడా లేదు, ఎముకలు విరగడంలో తేడా లేదు. పేగు ఇన్‌ఫెక్షన్లు మాత్రం నూటికి 1.0 ఉన్నది 1.4 అయింది. ఈ రెండో వార్త నాకు తెలిసి మన పత్రికల్లో పెద్దగా ఎవరూ వేయలేదు. అవసరం లేకుండా ఏళ్ల తరబడి ఆ మాత్ర మింగమని నేననడం లేదు. రికార్డులు తిరగేసి చెప్పినదానికీ లాటరీ వేసి చూసినదానికీ తేడా ఒక వాక్యంలో రాయండి అంటున్నాను. ఎలుకల మీద చేసిందైతే హెడ్డింగ్‌లోనే ఎలుక ఉండాలి.

శాతాలతో కూడా ఇదే తంటా. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన సంస్థ, ప్రాసెస్ చేసిన మాంసాన్ని పొగాకు ఉన్న జాబితాలోనే పెట్టింది. రోజుకు 50 గ్రాముల చొప్పున తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందంది. జీవితకాలంలో నూటికి ఐదుగురికి ఆ క్యాన్సర్ వచ్చే దేశంలో, 18 శాతం పెరిగితే ఐదు కాస్తా ఆరుకు దగ్గరవుతుంది. మన దేశంలో ఆ ఐదు కూడా లేదు, చాలా తక్కువ. ఆ జాబితా చెప్పేది రుజువు ఎంత గట్టిది అన్నది మాత్రమే, ప్రమాదం ఎంత పెద్దది అన్నది కాదు. అదే సంస్థ ఇంకో జాబితాలో, ‘కారణం కావచ్చు’ అన్న బలహీనమైన వర్గంలో, ఆసియా సంప్రదాయ ఊరగాయ కూరగాయలు ఉన్నాయి. దాన్ని పట్టుకుని ఒక కుర్రాడు “ఆవకాయతో క్యాన్సర్” అని తెచ్చాడు. ఆ సంస్థ పరిశీలించింది చైనా, కొరియా, జపాన్ లాంటి చోట్ల కూరగాయలను ఊరబెట్టే పద్ధతులను. మన ఆవకాయ ఊసే లేదు. ఆ ఐటమ్ వేసి ఉంటే గుంటూరు ఎడిషన్ వాళ్లు మా ఆఫీసు మీదికి వచ్చి ఉండేవాళ్లు.

మరణాల లెక్క గురించి కూడా మీకు త్వరలోనే ఎదురవుతుంది. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం ప్రబలినప్పుడు చనిపోయినవాళ్లు ఎందరన్నదానిపై పత్రికలు రాసింది, అధికారులు చెప్పింది కలవలేదు. కిడ్నీ జబ్బున్న ముసలాయన రెండు రోజుల విరేచనాల తర్వాత పోతే రికార్డులో ఏం రాస్తారు? కుటుంబం ఒకటి చెబుతుంది, అధికారి ఇంకోటి చెబుతాడు. రెండు అంకెలూ ఎవరెవరివో చెప్పి వేయండి. ఆయనకు విరేచనాలు ఎప్పుడు మొదలయ్యాయి, సెలైన్ ఎప్పుడు ఎక్కించారు అన్న తేదీలూ టైములూ రాయండి.

ఓఆర్ఎస్ గురించి రాయని అతిసారం వార్త నా దృష్టిలో సగం వార్తే. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో, పశ్చిమ బెంగాల్‌లోని బొన్‌గావ్‌లో, సెలైన్ సీసాలు అయిపోతుంటే డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లు డ్రమ్ముల్లో పెట్టి తాగించాడు. 30 శాతం దాకా ఉన్న మరణాలు ఆయన చూసిన చోట 3.6 శాతానికి దిగాయి. రాసేటప్పుడు చూసుకోవాల్సింది ఒకటుంది. ఓఆర్ఎస్ విరేచనాలను ఆపదు, ఒంట్లో నీళ్లు తగ్గిపోకుండా కాపాడుతుంది. ఈ మాట రాయకపోతే తల్లులు రెండు గ్లాసులు పట్టి, “ఆగలేదు” అని మానేస్తారు. ఓఆర్ఎస్ అని పేరు పెట్టుకుని అమ్మే తియ్యటి డ్రింకుల మీద హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడితే, 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రాధికార సంస్థ ఆ పేరు వాడొద్దని ఆదేశించింది. చక్కెర ఎక్కువైతే విరేచనాలు ఇంకా పెరుగుతాయి. ఫొటోలో ప్యాకెట్ పెడుతుంటే అది ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా ప్యాకెట్టో కాదో చూసి పెట్టండి.

ఫొటో అన్నాను కాబట్టి, సెలైన్ ఎక్కుతున్న ఆడపిల్లల ముఖాలు వేయకండి. చెయ్యి, సెలైన్ సీసా చాలు. ఆ పిల్లలు మళ్లీ అదే బడికి వెళ్లాలి.

ఇక రేపటి సంగతి. హాస్టల్‌కు వెళ్లగానే ఆఫీసు గదిలో కూర్చోకండి. ముందు నీళ్ల ట్యాంకు దగ్గరికి వెళ్లి మూత ఉందో లేదో చూడండి. చివరిసారి ఎప్పుడు కడిగారో గోడ మీద తేదీ రాసి ఉంటుంది, కొన్నిసార్లు ఆ తేదీ మీరొస్తున్నారని తెలిసి రాసిందై ఉంటుంది, సున్నం తడి చూస్తే తెలుస్తుంది. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఎంత ఉందో కొలిచారా అని అడగండి, లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. నీళ్ల నమూనా ఏ రోజు, ఏ కుళాయి నుంచి తీశారు? క్లోరిన్ కలిపాక తీశారా, ముందు తీశారా? కలిపాక తీసిన నమూనా బాగానే వస్తుంది మరి. పిల్లల మలం నమూనాలు యాంటీబయాటిక్ ఇవ్వకముందు తీశారా? ఆ ఉప్మా ఏమైనా మిగిల్చి దాచారా, పారేశారా? తిననివాళ్లు ఎందరు, వాళ్లలో ఎందరు పడ్డారు? పిల్లలు హాస్టల్లో నీళ్లు ఎక్కడ తాగుతారు, బడిలో ఎక్కడ తాగుతారు?

వంటావిడ పేరు మాత్రం రాయకండి. కానీ ఆవిడతో తప్పక మాట్లాడండి, వార్డెన్ లేనప్పుడు. గిన్నెలు ఏ నీళ్లతో కడుగుతున్నారో ఆవిడకే తెలుస్తుంది.